గ్లైకోజెన్ కథలో ఇంకో ఇద్దరు

బయోకెమిస్ట్ గెర్టీ కోరీ జీవితం మీద మీరు వేసిన వ్యాసం చాలా బాగుంది. చివరి ఏళ్లలో తనకే ఒంట్లో బాగోకపోయినా, పిల్లల్లో గ్లైకోజెన్ (ఒంట్లో గ్లూకోజ్ నిల్వ ఉండే రూపం) పేరుకుపోయే జబ్బులకు ఏ ఎంజైమ్ లోపమో తేల్చిన భాగం చదువుతుంటే మనసు బరువెక్కింది. వైజాగ్‌లో డిగ్రీ పిల్లలకు బయోకెమిస్ట్రీ చెబుతాను కాబట్టి ఒక్క మాట. గ్లైకోజెన్‌ను కట్టేదీ విడగొట్టేదీ ఫాస్ఫోరిలేజ్ అనే ఒకే ఎంజైమ్ అని రాశారు. టెస్ట్ ట్యూబులో అది రెండు పనులూ చేస్తుంది. 1947లో కోరీ దంపతులకు నోబెల్ వచ్చేనాటికి అనుకున్నదీ అదే. విడగొట్టేటప్పుడు అది ఫాస్ఫేట్‌ను వాడుకుని గ్లూకోజ్-1-ఫాస్ఫేట్‌ను ఇస్తుంది, కట్టేటప్పుడు ఇదే తిరగబడుతుంది. కానీ కండరంలో ఫాస్ఫేట్ ఎక్కువ, గ్లూకోజ్-1-ఫాస్ఫేట్ బాగా తక్కువ. అందుకని అక్కడ విడగొట్టడమే జరుగుతుంది. కట్టే ఎంజైమ్ వేరే ఉందని 1957లో అర్జెంటీనాలో లూయిస్ లెలోయిర్ బృందం చూపించింది. గెర్టీ కన్నుమూసిందీ ఆ ఏడాదే.

ఇంకొకటి. ఈ రంగంలో అడుగడుగునా ఫాస్ఫేట్ కొలవాలి. దానికి ప్రపంచమంతా వాడిన పద్ధతి 1925లో సైరస్ ఫిస్కే అనే బయోకెమిస్ట్‌తో కలిసి ఇచ్చింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారే. మా ల్యాబ్‌లో ఆ పద్ధతిలో ఫాస్ఫేట్ ఉందని చూపే నీలం రంగు ట్యూబులో తేలగానే ఆయన పేరు చెబుతాను, పిల్లల ముఖాలు వెలిగిపోతాయి. వీలైతే వ్యాసంలో ఈ ఇద్దరి గురించీ చెరో వాక్యం చేర్చండి.