పెళ్లికూతుర్ని తెల్లగా చెయ్యి తమ్ముడూ

అమెరికాలో ఫేస్ రికగ్నిషన్ తప్పుగా గుర్తుపట్టి నల్లజాతి మనిషిని అరెస్టు చేయించిందంటే మనవాళ్ల షేర్లకు అంతుండదు. 2020 జనవరిలో డెట్రాయిట్ పోలీసుల చేతిలో రాబర్ట్ విలియమ్స్‌కి జరిగిందదే, కోపం రావాల్సిందే. కానీ ఆల్బమ్ ఎడిటింగ్ కుర్రాడికి "పెళ్లికూతుర్ని కొంచెం ఫెయిర్‌గా చెయ్యి తమ్ముడూ" అని వాట్సాప్ కొట్టేదీ మనమే.

కెమెరా ఉన్నదున్నట్టు చూపిస్తుందంటారు. ఉత్తమాట. ఫిల్ము కంపెనీ కొడాక్ ప్రింటు రంగులు సరిచూసుకునే 'షర్లీ' కార్డుల మీద ఏళ్ల తరబడి ఉన్నది తెల్లమ్మాయే. ముదురు గోధుమ రంగులు సరిగ్గా రావట్లేదని చాక్లెట్, చెక్క సామాన్ల కంపెనీలు అడిగాక ఫిల్ము మెరుగుపడింది. చాక్లెట్‌కున్న పలుకుబడి మనిషికి లేకపోయింది మరి! డిజిటల్ వచ్చాకా అదే తంతు. ముఖం చూసి ఆడా మగా చెప్పే సాఫ్ట్‌వేర్లను 2018లో పరిశోధకులు జాయ్ బువోలంవినీ, టిమ్నిట్ గెబ్రూ పరీక్షిస్తే, తెల్ల మగవాళ్ల విషయంలో తప్పులు 0.8 శాతం దాటలేదు, నల్లని ఆడవాళ్ల దగ్గర 34.7 శాతం దాకా పోయాయి.

ఇక హైదరాబాద్ ఫంక్షన్ హాలుకి రండి. ముహూర్తానికి మధుపర్కాలు, ఫ్రేమంతా తెలుపే. కెమెరాలో వెలుతురు కొలిచే మీటర్ ఆ తెలుపుని బూడిద రంగుకి దించబోయి ఎక్స్‌పోజర్ని, అంటే ఫొటోకి అందే వెలుతురుని తగ్గిస్తుంది, చామనఛాయ ముఖం బొగ్గవుతుంది. ఎక్స్‌పోజర్ని ప్లస్ 2/3 నుంచి 1 స్టాప్ (ఒక స్టాప్ అంటే వెలుతురు రెట్టింపు) పెంచితే సరిపోతుంది. ఒక్క చోటే వెలుతురు కొలిచే స్పాట్ మీటరింగ్ చెంప మీద పెడితే మాత్రం లెక్క తిరగబడుతుంది: బాగా ముదురు రంగైతే ఒక స్టాప్ దాకా తగ్గించాలి, లేదంటే మీటరే తెల్లబరుస్తుంది. ఎదురుగా ఫ్లాష్ కొడితే నుదురూ ముక్కూ జిడ్డుగా మెరుస్తాయి. వెలుతురుని మెత్తబరిచే పెద్ద సాఫ్ట్‌బాక్స్ పక్కనుంచి పెట్టాలి. ఐదు నిమిషాల పని.

చాలామంది చెయ్యరు. "లైట్‌రూమ్‌లో చూసుకుందాంలే అన్నా" అంటారు, ఫొటోలు ఎడిట్ చేసే సాఫ్ట్‌వేర్ అది. అక్కడ నారింజ ఛాయల వెలుగుని పెంచి తగ్గించే ఆరెంజ్ ల్యూమినెన్స్ స్లైడర్ ఉంటుంది. మన చర్మం రంగు చాలావరకు ఆ ఆరెంజ్‌లోనే పడుతుంది. దాన్ని ప్లస్ 40కి లాగగానే ముఖం తెల్లబడుతుంది, దాంతోపాటు కాసులపేరూ, జరీ అంచూ, పాదాల పసుపూ వెలిసిపోతాయి. లక్షలు పోసి కొన్న బంగారం గిల్టు నగలా కనబడుతుంది. అప్పుడు మార్పు ముఖం దాకే ఆగేలా దానికొక్కదానికే మాస్క్ వేస్తారు, మెడ మాత్రం పాత రంగులోనే మిగిలిపోతుంది.

సెల్ఫీ కెమెరా బ్యూటీ మోడ్ సంగతి వేరే చెప్పాలా? దాన్ని సున్నాలో పెట్టి ఒక సెల్ఫీ, ఫుల్‌లో పెట్టి ఒకటి తీసి పక్కపక్కన పెట్టుకోండి. షాదీ డాట్‌కామ్ 2020లో చర్మం రంగుని బట్టి సంబంధాలు వెతికే ఫిల్టర్ తీసేసింది. సంబంధానికి పంపే ఫొటోకి మాత్రం తెల్లబరిచే ఫిల్టర్ మనమే వేసి పంపుతున్నాం.

అడ్వాన్స్ ఇచ్చే ముందు మధుపర్కాల్లో తీసిన రెండు ఫొటోలు ఎడిట్ చెయ్యనివి చూపించమనండి. చర్మం రంగు మార్చొద్దని బిల్లు మీదే రాయించండి. ఆల్బమ్ ప్రింటుకి ముందు చూపించే ప్రూఫ్ వచ్చాక, గోరింటాకు చెయ్యి చెంపకి ఆనించిన ఫొటో వెతకండి. చెయ్యి ఒకరిదీ చెంప ఇంకొకరిదీ అనిపిస్తే వెనక్కి పంపండి.