పుట్టినరోజుకి పురుగులను పిలుద్దాం

మొన్న జులైలో మావాడికి ఐదేళ్లు నిండాయి. మేముండే అమెరికాలోని ఎడిసన్‌లో స్కూలుకి వేసవి సెలవులు కాబట్టి ఆ నెలంతా విశాఖపట్నంలోనే, సీతమ్మధారలో మా అమ్మానాన్నల ఇంట్లో ఉన్నాం. పుట్టినరోజు ఎలా చేద్దాం నాన్నా అని అడిగితే "బగ్ పార్టీ" అన్నాడు. అక్కడ ఒక స్నేహితుడికి అలా చేశారు, అప్పట్నుంచీ వాడి మనసులో అదే ఉంది. "బగ్ అంటే ఏంట్రా?" అన్నారు మా నాన్న. "పురుగు తాతయ్యా!" అన్నాడు వీడు ఉత్సాహంగా. మా అమ్మ గరిటె పట్టుకునే వంటింట్లోంచి బయటికొచ్చింది. "శుభమా అని పుట్టినరోజు చేసుకుంటూ పురుగులేంటే? పువ్వులు పెట్టుకోండి, పళ్లు పెట్టుకోండి" అంది.

అమ్మని తప్పు పట్టలేను. మన భాషలో పురుగు అనే మాటకి మర్యాద తక్కువ. మనిషిని చులకన చేస్తే పురుగులా చూశారంటాం. పంటకి పట్టినా పంటికి పట్టినా పురుగే. పల్లెల్లో పాము కరిస్తే దాని పేరెత్తడానికి భయపడి పురుగు ముట్టిందంటారు. కానీ అదే భాషలో తూనీగ ఉంది, మిణుగురు ఉంది, గొల్లభామ, ఇలకోడి, కందిరీగ, రోకలిబండ ఉన్నాయి. తొలకరికి నేల మీద ఎర్రటి మఖమల్ పూసల్లా పాకే ఆరుద్ర పురుగు ఉంది. మా నాన్న చిన్నప్పుడు వాటిని అగ్గిపెట్టెలో పెట్టుకుని బడికి తీసుకెళ్లేవారట. ఇన్ని పేర్లు పెట్టినవాళ్లు వాటిని ఎంత దగ్గరగా చూసి ఉంటారు! మన పిల్లలకి మాత్రం ఇవన్నీ కలిపి ఒక్కటే మాట, బగ్.

అందుకే నేను చెప్పదలచుకున్నది ఇది. వానకో ఎండకో భయపడి పార్టీ ఇంట్లో చేసుకున్నా సరే, పురుగుల పార్టీలో ఒక్కటైనా ప్రాణమున్న పురుగు ఉండాలి. దాని పేరు పిల్లలు తెలుగులో పలకాలి.

మొదట మేమూ ఒక ఈవెంట్ వాళ్లని పిలిచాం. వచ్చినాయన ఫోన్‌లో ఫొటోలు చూపించాడు. నవ్వు ముఖం పెట్టిన ఎర్ర పురుగు బొమ్మతో బ్యాక్‌డ్రాప్, బెలూన్ ఆర్చ్, నూలు సాలెగూళ్లు, వాటికి వేలాడే రబ్బరు సాలీళ్లు. వీటన్నిటికీ పైన ఒక సర్‌ప్రైజ్ బాక్స్. మూత తీయగానే రబ్బరు బొద్దింకలు పిల్లల మీద పడతాయి, వాళ్లు కెవ్వుమంటారు, వీడియో బాగా వస్తుందన్నాడు. నాకు ఆ బాక్స్ దగ్గరే మనసు విరిగింది. మూడేళ్ల పిల్ల గొంగళిపురుగుని మొదటిసారి చూసినప్పుడు ముఖంలో కనిపించేది కుతూహలం. పక్కనున్న పెద్దవాళ్లు "ఛీ, యాక్" అన్నాకే అది భయం అవుతుంది. ఆ ఛీని డబ్బిచ్చి మరీ నేర్పించడం నాకు ఇష్టం లేదు. వద్దని చెప్పి పంపించేశాం.

బయట చేద్దామంటే జులైలో వైజాగ్ సంగతి మీకు తెలిసిందే. వాన పడితే ఒక బాధ, పడకపోతే ఉక్క. కంబాలకొండ అడవి వైపు తీసుకెళ్దామని మా తమ్ముడు అన్నాడు గానీ, మూడు నుంచి ఆరేళ్ల వయసు పిల్లలు పన్నెండు మందిని ఆ బురదలో కాపలా కాయడం మావల్ల కాదు. హాల్లోనే చేద్దామనుకున్నాం. పురుగుని ఎక్కణ్ణుంచి తేవాలా అని నేను ఆలోచిస్తుంటే, అది బాల్కనీలో కరివేపాకు కుండీలోనే ఉంది.

అమ్మ దాన్ని పిట్ట రెట్ట అనుకుని దులిపేయబోయింది. గోధుమ రంగు మీద తెల్లటి మరకలు, అచ్చం రెట్టలాగే ఉంది. "అమ్మమ్మా, అది కదిలింది!" అని మావాడు అరిచాడు. కరివేపాకు మీద, నిమ్మచెట్టు మీద గుడ్లు పెట్టే నల్ల సీతాకోకచిలుక ఒకటుంది. ఇంగ్లీషులో దాన్ని కామన్ మార్మన్ అంటారు. దాని పిల్ల చిన్నప్పుడు రెట్టలా ఉంటుంది కాబట్టి పిట్టలు దాని జోలికి రావు. కాస్త పెద్దదై కుబుసం విడిచాక లేత ఆకుపచ్చగా మారి ఆకులో ఆకులా కలిసిపోతుంది. మా కుండీలో మొత్తం మూడున్నాయి. పార్టీ నాటికి రెండు ఆకుపచ్చగా మారాయి. మూడోది ఆ దశ కూడా దాటి, తినడం మానేసి కాడకి అతుక్కుని, నడుము చుట్టూ సన్నటి దారం కట్టుకుని వెనక్కి వాలింది. కల్లుగీత కార్మికుడు మోకు వేసుకుని తాడిచెట్టు మీద వాలినట్టే ఉంది. రాత్రికి రాత్రే గూడుగా మారిపోయింది.

ఆ రోజు కుండీని హాల్లో టీపాయ్ మీద పెట్టి, చుట్టూ చాప పరిచాం. ఒక్కసారికి ముగ్గురే రావాలి, చేతులు వెనక్కి కట్టుకోవాలి. భూతద్దం తాతయ్య పట్టుకుంటారు. కుండీలోంచి పురుగుని తీసి డబ్బాలో వేయడం లేదు, ఆకు కోయడం లేదు. పిల్లలు వంగి చూస్తుంటే ఒక పురుగు ఆకు అంచు పట్టుకుని తల పైనుంచి కిందికి దించుతూ అర్ధచంద్రాకారంలో కొరికేస్తోంది. మళ్లీ పైకెళ్లి మళ్లీ కిందికి. నాన్నగారు పుల్లతో మెల్లగా తాకించారు. తల వెనకనుంచి ఎర్రటి రెండు కొమ్ములు తడితడిగా బయటికొచ్చాయి, ఘాటైన వాసన కొట్టింది. అవి దాని ఆయుధం, శత్రువుని తరిమేయడానికి. అంతవరకు కుర్చీ వెనకాల దాక్కున్న మూడేళ్ల పాప ముందుకొచ్చి, "దానికి కోపం వచ్చింది, సారీ చెప్పు తాతా" అంది. ఆయన పురుగుకి సారీ చెప్పారు. ఆ తరవాత ఎవరూ పుల్ల ముట్టుకోలేదు.

రెండోది మేం ఇంట్లోకి తేలేదు. ఇంటి దగ్గర ఖాళీ స్థలంలో జిల్లేడు పొద మీద నలుపు, తెలుపు, పసుపు చారల గొంగళిపురుగులు కనిపిస్తే మావాడు "మోనార్క్!" అని ఎగిరి గంతేశాడు. అమెరికాలో మిల్క్‌వీడ్ మొక్కల మీద పెరిగే మోనార్క్ సీతాకోకచిలుకల గురించి మన పిల్లలకి స్కూల్లో చెబుతారు కదా. జిల్లేడు ఆ మిల్క్‌వీడ్ కుటుంబమే. ఈ పురుగు మోనార్క్‌కి దగ్గరి చుట్టం, పెద్దయ్యాక నారింజ రంగు రెక్కలతో వస్తుంది. జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం కాబట్టి పొదని అక్కడే వదిలేసి, తీసిన వీడియోని టీవీలో పెట్టి చూపించాం. వీసా అక్కర్లేని చుట్టాలు అన్నారు మా నాన్న. వాడికి ఆ చుట్టరికం తెగ నచ్చింది.

ఆటలకి కొనాల్సింది ఏమీ లేదు. చీమల బారులా పిల్లల్ని నిలబెట్టి, ఈ చివర గిన్నెలోని మరమరాలు దోసిట్లో తీసుకుని ఆ చివరి పుట్టలో పోయమన్నాం. పుట్ట అంటే అట్టపెట్టె. ఏడు చేపల కథ ఆడించాం, చీమ వేషం కోసం నలుగురు పోటీ పడితే నలుగురినీ చీమలు చేశాం. తలుపు దగ్గర బియ్యప్పిండితో ముగ్గు వేయించాం. ముగ్గులో బియ్యప్పిండి చీమల కోసమేనని అమ్మ చెబితే, పిల్లలు గీతలు వదిలేసి గుప్పిళ్లతో పోశారు.

మిణుగురుల కోసం కర్టెన్లు మూసి దీపాలు ఆర్పాం. ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. మిణుకుమిణుకుమనే చవక బొమ్మల్లో బటన్ బ్యాటరీలుంటాయి. చిన్నపిల్ల అది మింగితే గంటా రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు. అలాంటివి ఇంట్లోకి రానివ్వకండి. ఫోన్ టార్చికి పసుపుపచ్చ సెల్లోఫేన్ కాగితం చుట్టి పెద్దవాళ్లు గోడ మీద ఆడిస్తే సరిపోతుంది. చిరిగిన బెలూన్ ముక్కలు గొంతులో ఇరుక్కుంటాయి కాబట్టి బెలూన్లు అసలు పెట్టలేదు. వేరుశనగ గింజలు, పాప్‌కార్న్ కూడా మానేశాం. ద్రాక్షపళ్లని నిలువుగా నాలుగు ముక్కలు కోశాం. బుజ్జి ఇడ్లీలు వరసగా పేర్చి, బీట్‌రూట్ ముక్కతో ముఖం పెడితే గొంగళిపురుగు అయింది. అదే ముందు ఖాళీ అయింది.

తేనె మాత్రం కావాలనే పెట్టాం. గిరిజన సహకార సంస్థ 1956లో మొదలైంది, దాని ప్రధాన కార్యాలయం విశాఖలోనే ఉంది. ఏజెన్సీలో గిరిజనులు సేకరించిన తేనె వాళ్ల దుకాణాల్లో దొరుకుతుంది. ఒక పని తేనెటీగ బతుకంతా తిరిగి చేసే తేనె చిన్న చెంచాలో సుమారు పన్నెండో వంతు అని చెబితే, పిల్లలు చెంచా అంచుకి అంటినంత తేనె నాకి, "ఇది ఒక ఈగా? రెండా?" అని లెక్కపెట్టుకున్నారు. ఏడాది లోపు పిల్లలకి మాత్రం చుక్క కూడా నాకించకండి, బోట్యులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు వచ్చే ప్రమాదం ఉంది.

ఆ మాటల్లోనే ఒక కష్టమైన ప్రశ్న వచ్చింది. పట్టులంగా కట్టుకొచ్చిన ఆరేళ్ల అమ్మాయికి నీ లంగా కూడా పురుగు ఇచ్చిందే అన్నాం. ఒక్క గూటిలో వందల మీటర్ల దారం ఉంటుంది, ఒక్కోసారి కిలోమీటరు దాకా వస్తుంది. ఆ పిల్ల లంగా నిమురుకుంటూ "మరి పురుగేమైంది?" అని అడిగింది. హాల్లో పెద్దవాళ్లంతా నా వైపు చూశారు. ఎగిరిపోయిందని చెప్పొచ్చు. నేను చెప్పలేదు. దారం తెగకుండా ఉండడానికి గూళ్లని వేడినీళ్లలో వేస్తారు, లోపలి పురుగు చచ్చిపోతుంది అన్నాను. పురుగు బయటికొచ్చాకే దారం తీసే పద్ధతి కూడా ఉంది, హైదరాబాద్‌కి చెందిన కుసుమ రాజయ్య గారు అలా అహింసా పట్టు నేస్తారు అని కూడా చెప్పాను. పిల్ల ఏడవలేదు. కాసేపు ఆలోచించి, "నేనీ లంగా చాలా రోజులు కట్టుకుంటాను" అంది. పిల్లల ముందు పురుగుల్ని మంచివని పొగిడి, అసలు ప్రశ్న రాగానే అబద్ధం ఆడితే ఆ పొగడ్త కూడా అబద్ధమే అవుతుందని నా నమ్మకం.

దోమ కూడా ఫ్రెండేనా అని మావాడు అడిగితే మా నాన్న కాదనే చెప్పారు. 1897లో రొనాల్డ్ రాస్ అనే డాక్టరు మన సికింద్రాబాద్‌లోనే దోమ పొట్ట కోసి, అందులో మలేరియా క్రిమిని కనిపెట్టాడని కథలా చెప్పారు. తరవాత అందర్నీ బాల్కనీకి తీసుకెళ్లి కుండీల కింద పళ్లేల్లో నిలిచిన నీళ్లు పారబోయించారు. పన్నెండు మందికీ అదో ఆటైపోయింది.

రిటర్న్ గిఫ్ట్‌లుగా ఏటికొప్పాక బొంగరాలు ఇచ్చాం. వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో అంకుడు కర్రని చక్రం మీద తిప్పుతూ, రంగు కలిపిన లక్కని దానికి ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పట్టేస్తుంది. ఆ లక్క మోదుగ, రేగు చెట్ల కొమ్మల మీద బతికే లక్కపురుగు ఇచ్చేదే. 2017లో ఏటికొప్పాక బొమ్మలకి జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చింది. రబ్బరు బొద్దింకలకి పెట్టే డబ్బు ఆ చేతులకి చేరితే నాకు తృప్తి.

ఇక్కడ న్యూజెర్సీలో మన తెలుగు సంఘం పిల్లల కార్యక్రమాల్లో కూరగాయల పేర్లు, రంగుల పేర్లు చెప్పిస్తున్నాం, సంతోషం. జూన్, జులై సాయంత్రాలు ఇక్కడి పెరళ్లలో మిణుగురులు మన కాళ్ల దగ్గరే వెలుగుతుంటాయి. ఈ ఏడాది వేసవి పిక్నిక్‌లో పిల్లల్ని ఒక అరగంట గడ్డి మీద కూర్చోబెట్టి వాటి పేరు చెప్పండి. నేను వస్తాను, భూతద్దాలు కూడా తెస్తాను.

మేం తిరిగొచ్చిన మూడోరోజు అమ్మ వీడియో పంపింది. గూడు చీలి ఉంది, పక్కన కొమ్మ మీద నల్లటి రెక్కలు ఆరబెట్టుకుంటోంది, అంచున తెల్లచుక్కల వరస. మావాడు ఆ వీడియో ఎన్నిసార్లు చూశాడో లెక్కలేదు. ఆదివారం ఫోన్ చేస్తే ముందు పురుగుల లెక్క అడుగుతాడు. "ఈ వారం రెండున్నాయిరా, రెట్ట రంగులోనే ఉన్నాయింకా" అని అమ్మ చెబుతుంది. పోపులోకి కరివేపాకు రైతుబజార్లో కొంటోందట.