తచికావా కథలో సునగావా ఏది?

జపాన్‌లో టోక్యో దగ్గరున్న తచికావాలోని ఒకప్పటి అమెరికన్ వైమానిక బేస్ చుట్టూ సాగిన జీవితం గురించి మీరు రాసిన వ్యాసం బాగుంది. జాజ్ క్లబ్బులు, చాక్లెట్లు, డాలర్లతో కళకళలాడిన వీధులు, అన్నీ నిజమే. కానీ పక్కనే ఉన్న సునగావా అనే ఊరి ఊసే లేకపోవడం చూసి బాధేసింది.

1955లో బేస్ రన్‌వే పొడిగించడానికి అక్కడి రైతుల భూములు తీసుకోవాలని చూశారు. రైతులు ససేమిరా అన్నారు. నేలలో సర్వే గూటాలు దిగినా మా గుండెల్లో దిగవన్నారు. విద్యార్థులు, కార్మిక సంఘాలవాళ్లు వచ్చి తోడు నిలబడ్డారు. 1956 అక్టోబరులో లాఠీలు పట్టుకున్న పోలీసులకు ఎదురుగా, వానలో తడుస్తూ, ఎర్ర తూనీగల మీద పిల్లలు పాడుకునే పాట పాడారు. వందలమంది గాయపడ్డారు. మర్నాడు ప్రభుత్వం సర్వే ఆపేసింది.

నేను టోక్యోలో ఉద్యోగం చేస్తున్నాను. మా పక్కింటి పెద్దావిడ చదువుకున్న బడి ఆ బేస్ దగ్గరే. విమానం దిగుతుంటే కిటికీ అద్దాలు గడగడలాడేవట. టీచరు సుద్దముక్క బోర్డుకి ఆనించి అలాగే నిలబడిపోయేవారట, మోత తగ్గాకే మళ్లీ పాఠం. 1953లో అక్కడి నుంచి లేచిన గ్లోబ్‌మాస్టర్ అనే అమెరికన్ సైనిక రవాణా విమానం కూలి 129 మంది చనిపోయారు. ఆ భయం ఊళ్లోవాళ్లకి ఎలా పోతుంది?

చివరికి 1968లో పొడిగింపు ఆలోచన మానుకున్నారు, 1977లో బేస్ తిరిగి ఇచ్చేశారు. మీరు ఫొటో పెట్టిన షోవా కినెన్ పార్కు 1983లో తెరిచింది ఆ నేలలోనే. అమెరికా సేనలు జపాన్‌లో ఉండటమే రాజ్యాంగ విరుద్ధమని 1959లో టోక్యో జిల్లా కోర్టు చెప్పిందీ, అదే ఏడాది సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసిందీ ఈ పోరాటంలో బేస్‌లోకి చొరబడ్డారని నిరసనకారుల మీద పెట్టిన సునగావా కేసులోనే. రెండో భాగం రాస్తే దయచేసి ఈ రైతులకి చోటివ్వండి.