ధర్మవరం పట్టు, 95 సైజు

మా వంటింట్లో కొళాయి కారడం మొదలై మొన్న ఆదివారానికి పదకొండు రోజులు. ప్లంబరుకు ఎప్పుడు ఫోన్ చేసినా "దోవలో ఉన్నా సార్" అంటాడు. అనంతపురం ఏమంత పెద్ద ఊరని! టవర్ క్లాక్ దగ్గర బయలుదేరిన మనిషి పదకొండు రోజులు నడిస్తే బళ్లారి, హోస్పేట దాటి, హంపి చూసుకుని తిరిగి రావచ్చు. ఈయన మాత్రం మా వీధి చేరలేదు. "ఏముంది సార్, వాషర్ పోయుంటుంది, ఐదు నిమిషాల పని" అని మాత్రం మొదటి రోజే ఫోన్‌లో తేల్చేశాడు.

నల్లా చివర కారితే సర్దుకోవచ్చు. ఇది మెడ దగ్గర కారుతుంది. రాత్రి ఇల్లంతా సద్దుమణిగాక ఒక 'టప్'. తర్వాతి 'టప్' ఎప్పుడొస్తుందా అని కళ్లు తెరుచుకుని పడుకోవాలి. చప్పుడు పర్వాలేదు, ఆ ఎదురుచూపే ప్రాణం తీస్తుంది. అందుకని కొళాయి మెడకు ఒక గుడ్డ చుట్టి, కొస బకెట్లోకి వేలాడదీస్తున్నాం. నీళ్లు గుడ్డ వెంబడి కిక్కురుమనకుండా దిగిపోతాయి. పొద్దున్నే తడిది విప్పి పొడిది కట్టాలి. ఇంట్లో ఈ ఉద్యోగం నాది.

ఇక కండువా సంగతి. మా అత్తగారిది ధర్మవరం. సంక్రాంతికి నాకొక పట్టు కండువా పెట్టారు. మీగడ రంగు, మెరూన్ అంచు, వేలెడు జరీ. పెట్టిన రోజు నుంచి "అది వేసుకుని ఒక్క ఫోటో పంపండి అల్లుడు గారూ" అని అడుగుతూనే ఉన్నారు. నేను ఆఫీసుకు పట్టు కండువా వేసుకుని వెళ్లే మనిషిని కాను. చివరికి మా ఆవిడే తీర్మానించింది: ఆదివారం లేపాక్షి, పంచెకట్టు, బసవన్న ముందు ఫోటో.

ఆదివారం పొద్దున ఐదుకు లేచేసరికి కరెంటు లేదు. డైనింగ్ టేబుల్ మీద మా ఆవిడ రాత్రే రెండు గుడ్డలు మడతపెట్టి ఉంచింది. ఒకటి కండువా, ఒకటి కొళాయికి కట్టాల్సిన పొడి గుడ్డ. చీకట్లో ఒకటి కొళాయికి కట్టాను, ఒకటి నలగకుండా కవర్లో పెట్టుకున్నాను. కథ ఇక్కడే అర్థమైపోయిన వాళ్లు ఉంటారు. వాళ్లు అదృష్టవంతులు. నాకు అర్థం కావడానికి 100 కిలోమీటర్లు దాటాల్సి వచ్చింది.

పట్టుకూ మసిగుడ్డకూ చేతికి తేడా తెలీదా అని అడుగుతారు. మా ఆవిడ అడిగింది. మా వాడు అడిగాడు. కారు తుడిచే కుర్రాడు కూడా అడిగాడు, వాడికి ఎవరు చెప్పారో తెలీదు. నా జవాబు ఒకటే. ఆ మసిగుడ్డ పూర్వాశ్రమంలో నా బనియన్. ఏళ్ల తరబడి నేను తొడుక్కుని, ఆ తర్వాత సగానికి కత్తిరిస్తే వంటింట్లో చేరింది. అన్నేళ్లు ఉతికిన నూలు బనియన్ ఎంత మెత్తగా ఉంటుందో ఒకసారి కళ్లు మూసుకుని పట్టుకుని చూడండి. పట్టు దాని ముందు గోనెసంచి.

దోవలో పెనుకొండ దగ్గర ఉగ్గాని బజ్జీ తిన్నాం. మిరపకాయ బజ్జీ చాలా బాగుంది. కొడికొండ చెక్‌పోస్టు దగ్గర కుడికి తిరిగాం. బసవన్న దగ్గర జనం ఎక్కువగా ఉన్నారు. 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు ఉన్న ఏకశిలా నంది ముందు నిలబడి కూడా జనం తమ ముఖాలే ఫోటో తీసుకుంటారు, అది వేరే విషయం. జనం తగ్గాక ఫోటో తీద్దాం, ముందు గుడి చూసొద్దాం అంది మా ఆవిడ. ఆ ఒక్క మాటతో నా పరువు బసవన్న దగ్గర పోవాల్సింది వీరభద్రుడి దగ్గర పోయింది.

నాట్య మండపంలో 70 స్తంభాలు. అందులో ఒకటి నేలకు ఆనకుండా వేలాడుతుంది. లేపాక్షి ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా. 2022 వరకూ మా అనంతపురం జిల్లాదే కాబట్టి బయటి వాళ్లు కనిపిస్తే ఆ స్తంభాన్ని మా సొంత ఆస్తిలా చూపించే అలవాటు మాకు ఇంకా పోలేదు. ఆ రోజు మండపం నిండా బెంగళూరు వాళ్లు. గైడు అందరినీ చుట్టూ నిలబెట్టి చెబుతున్నాడు. బ్రిటిష్ వాళ్ల కాలంలో ఒక ఇంజనీరు ఈ స్తంభం గుట్టు కనుక్కుందామని వచ్చి కదిలించి చూశాడట, మండపమే కదలబోయేసరికి వదిలేసి పోయాడట. అందరూ ఆ ఇంజనీరును తిట్టుకున్నారు. నాకు మాత్రం గౌరవం కలిగింది. చెడగొట్టాడో బాగుచేశాడో, మనిషి వచ్చాడు కదా.

"ఇప్పుడు దీని కింద గుడ్డ దూర్చి చూపిస్తా. ఎవరి దగ్గరైనా టవలు ఉందా?" అన్నాడు గైడు.

ఎవరో చున్నీ తీయబోయారు. నేను ఊరుకోవచ్చు కదా! "ఆగండి, నా దగ్గర ఉంది" అన్నాను. అంతటితో నోరు మూసుకున్నా బతికిపోయేవాణ్ణి. "ధర్మవరం పట్టు. ఒరిజినల్. మా అత్తగారు పెట్టింది" అని, బెంగళూరు వాళ్లకు కూడా అర్థం కావాలని 'ప్యూర్ సిల్క్' అని రెండుసార్లు అన్నాను. వాళ్లలో ఒకావిడ గౌరవంగా ఒక అడుగు వెనక్కి వేసింది. కవర్లో చెయ్యి పెట్టి, చూడకుండానే తీసి, సభకు సన్మానం చేస్తున్నట్టు గైడు చేతిలో పెట్టాను. గైడు దాన్ని రెండు కొసలూ పట్టుకుని ఒక్క విదుపు విదిలించి అందరికీ కనిపించేలా పైకెత్తాడు.

మొదట కనిపించింది చంక. నిజానికి చంక ఉండాల్సిన చోటు. దాని పక్కన పప్పు గిన్నె దించినప్పుడు కాలిన మచ్చ, గుండ్రంగా, పున్నమి చంద్రుడిలా. అంచు పొడవునా పసుపు. ఇన్నేళ్లయినా ఊడిపోని లేబుల్ మీద '95'. వంద రూపాయలకు కొన్న బనియన్ మీద ఆ లేబుల్ అంత గట్టిగా ఎవరు కుట్టారో గానీ, వాళ్లే మా కొళాయి కూడా చేసి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు.

మండపంలో ఒక్క క్షణం నిశ్శబ్దం. పైకప్పు మీద బొమ్మల్లోని వాళ్లు కూడా కిందికి చూసినట్టు అనిపించింది. తర్వాత బెంగళూరు ఆవిడ చాలా మర్యాదగా, నేర్చుకుందామన్న ఉద్దేశంతోనే, "ఇదు ధర్మవరం సిల్కా?" అంది. ఒక చిన్న పిల్లాడు "బనియన్!" అని అరిచాడు. వాడు ఏ భాషలో అరిచాడన్నది అనవసరం, ఆ మాట అన్ని భాషల్లోనూ అదే.

మా ఆవిడ కోసం చూశాను. ఆమె అప్పటికే లతా మండపం వైపు నడిచిపోతోంది. అక్కడి స్తంభాల మీద చెక్కిన లతలు, ముగ్గులు చీరల అంచుల మీదికి ఎక్కాయని అందరికీ తెలుసు. ఆమెకు వాటి మీద అంత ఆసక్తి ఉందని మాత్రం పెళ్లయిన ఇన్నేళ్లలో నాకు తెలీదు. మా వాడు కదల్లేదు. వాడు ఫోన్‌లో వీడియో తీస్తున్నాడు.

గైడు మాత్రం తొణకలేదు. ఏ గుడ్డయినా గుడ్డే అనుకున్నాడో, డబ్బులు ఇంకా ఇవ్వలేదని గుర్తొచ్చిందో, "మీరు అవతలి వైపు కూర్చుని లాగండి సార్" అన్నాడు. పంచె ఎగ్గట్టి గొంతుక్కూర్చున్నాను. ఇటు నుంచి నా బనియన్ స్తంభం కింద దూరింది. సగం వచ్చింది. ఆగింది. ఆ స్తంభం ఒక మూల మాత్రం నేలను తాకుతుంది. సరిగ్గా ఆ మూలకు బనియన్ చేతిరంధ్రం తగులుకుంది. నేను లాగాను, గైడు లాగాడు. సాగింది. బనియన్ సాగే గుణం మీకు తెలుసు, వదిలేస్తే వెనక్కి పోతుంది, లాగితే మళ్లీ వస్తుంది. వెనక నుంచి "అలా కాదు, ఏటవాలుగా", "చిరుగుద్ది, మెల్లగా" అని సలహాలు. విజయనగర ఖజానా చూసుకున్న విరూపణ్ణ ఈ గుడి కట్టించి, లెక్క అడిగారని తన కళ్లు తానే పీకి గోడకు కొట్టాడని చెబుతారు. ఎర్రటి మరకలు చూపిస్తారు కూడా. మోకాళ్ల మీద కూర్చున్న ఆ నిమిషంలో ఆయన తొందరపడ్డాడని నాకేమీ అనిపించలేదు.

అప్పుడు ఫోన్ మోగింది. ఒక చేత్తో బనియన్ పట్టుకుని, రెండో చేత్తో ఎత్తాను.

"సార్, ఇంటి ముందున్నా. తాళం వేసుందే?"

పదకొండు రోజులు! ఆ గొంతులో నా మీద చిరాకు కూడా ఉంది. ఊరెళ్లేముందు ఒక మాట చెప్పొద్దా అంటాడు. "రెండు గంటలు ఆగు నాయనా" అన్నాను. "ఇంకో మూడు చోట్ల పనుంది సార్" అని పెట్టేశాడు. ఆ కోపంలో లాగిన లాగుడుకు బనియన్ ఊడి వచ్చింది. జనం చప్పట్లు కొట్టారు.

కవర్లో పెట్టుకోబోతుంటే గైడు చెయ్యి పట్టుకున్నాడు. "సార్, ఇది ఇక్కడే వదిలేయండి. టవలు లావుగా ఉంటుంది. చున్నీలైతే ఆడవాళ్లు చిరుగుతుందని భయపడతారు. ఇట్లా పల్చగా, గట్టిగా ఉండే గుడ్డ దొరకదు" అన్నాడు. ఇచ్చేశాను. ఏం చెయ్యమంటారు? మీరు వెళ్లినప్పుడు గైడు చేతిలో గుండ్రటి మచ్చ ఉన్న గుడ్డ కనిపిస్తే, అది నాదే.

బసవన్న ముందు ఫోటో దిగలేదు. ఇంటికి వచ్చేదాకా కారులో ఎవరూ మాట్లాడలేదు. వంటింట్లో బకెట్ నీళ్లు లేత మెరూన్ రంగుకు తిరిగి ఉన్నాయి. కొళాయి నుంచి చప్పుడు మాత్రం లేదు. నేను కండువా ముడి విప్పబోయాను.

"విప్పి?" అంది మా ఆవిడ. "మసిగుడ్డ లేపాక్షిలో దానం చేసి వచ్చారు కదా, దాని బదులు ఏం కడతారు?"

ఇవాళ బుధవారం. కండువా కొళాయికే ఉంది. మా వాడు వీడియో ఎప్పుడో ఫ్యామిలీ గ్రూపులో పెట్టేశాడు. ఎవరెవరు చూశారో చూపిస్తుంది కదా, మా అత్తగారి పేరు అందరికంటే పైన ఉంది. ఆవిడ శుక్రవారం బస్సుకు వస్తున్నారట. ప్లంబరుకు ఇందాకే ఫోన్ చేశాను. దోవలో ఉన్నాడు.