చావని ప్రింటర్లపై చర్యలేవి?

విశాఖ ద్వారకానగర్‌లో ఓ ఆడిటర్ గారి ఆఫీసులో ఇరవై ఏళ్లు దాటిన నెట్‌వర్క్ ప్రింటర్ ఒకటి ఇంకా పనిచేస్తోంది. దీన్ని అందరూ ముక్తకంఠంతో ఖండించాలి. ఉప్పుగాలికి ఊళ్లో గేట్లూ గ్రిల్సూ బుద్ధిగా తుప్పు పడుతుంటే, 2014లో హుద్‌హుద్ తుఫానుకి కరెంటు స్తంభాలే ఒరిగిపోతే, ఇది మాత్రం కరెంటు రాగానే ఏమీ జరగనట్టు గరగరా మొదలెట్టింది. ఇలాంటివి ఉంటే కొత్తవి ఎవరు కొంటారు?

కుర్సురా సబ్‌మెరైన్‌ని చూసి నేర్చుకోవాలి. 1969లో నేవీలో చేరింది, 2001లో ఇక చాలన్నారు, మారు మాట్లాడకుండా ఆర్కే బీచ్‌కి వచ్చి మ్యూజియంగా కూర్చుంది. దాన్నే క్రమశిక్షణ అంటారు.

అదృష్టం కొద్దీ ఆడిటర్ గారు కంప్యూటర్ మార్చారు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సపోర్ట్ అయిపోయింది కదా, కొత్తదాంట్లో విండోస్ 11, అది 64 బిట్‌లో తప్ప రాదు. ప్రింటర్‌తో ఇచ్చిన సీడీలో ఉన్నదేమో 32 బిట్ డ్రైవర్ (కంప్యూటర్‌ని ప్రింటర్‌తో మాట్లాడించే ప్రోగ్రామ్), అది 64 బిట్‌లో పనిచేయదు, పైగా ఆ సీడీ పెట్టడానికి కొత్త కంప్యూటర్‌కి చోటే లేదు. ఎంత ముందుచూపో చూడండి! యాడ్ ప్రింటర్ నొక్కితే కాసేపు గుండ్రంగా తిరిగి, ఏ ప్రింటరూ దొరకలేదంది. పక్క బల్ల మీదే పచ్చలైటు వేసుకుని కూర్చుంది మహాతల్లి.

"దీనికి సపోర్ట్ ఆపేశారండి, కొత్తది తీసేసుకోండి సార్" అన్నాడు టెక్నీషియన్. బాధ్యత గల పౌరుడు.

అంతా సవ్యంగా సాగుతుండగా ఆఫీసులో ఆర్టికల్స్ (సీఏ శిక్షణ) చేస్తున్న కుర్రాడు చెడగొట్టాడు. ప్రింటర్ బటన్లు నొక్కి దాని చేతే సెట్టింగ్‌లు రాసుండే కాన్ఫిగరేషన్ పేజీ తీయించి, అందులో ఐపీ అడ్రస్, అంటే నెట్‌వర్క్‌లో దాని ఇంటి నంబరు, చూసి, కంప్యూటర్‌ని వెతకమనడం మానేసి ఆ అడ్రస్‌కి పేజీలు వెళ్లే దారి, అదే టీసీపీ/ఐపీ పోర్ట్, తనే చేత్తో పెట్టి, పోర్ట్ నంబరు 9100 అని ఇచ్చి, కంపెనీ వాళ్ల యూనివర్సల్ పీసీఎల్ డ్రైవర్ (చాలా మోడళ్లకి ఒకటే పనికొచ్చేది) తగిలించాడు. పేజీ వచ్చేసింది. రేపు కరెంటు పోయొస్తే అడ్రస్ మారి మళ్లీ మొరాయిస్తుందేమో అని మాకు చిన్న ఆశ ఉండేది, రౌటర్‌లో అడ్రస్ కూడా ఫిక్స్ చేసేశాడు దుర్మార్గుడు.

నిజానికి కంపెనీల భయంలో కొంత న్యాయం ఉంది. 2021లో ప్రింట్‌నైట్‌మేర్ అనే విండోస్ లోపం బయటపడ్డాక ప్రింటర్ డ్రైవరంటే దొంగలకు దొడ్డిదారి కావచ్చని అందరికీ తెలిసొచ్చింది, అందుకే ఇప్పుడు డ్రైవర్ ఎక్కించాలంటే అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతుంది. పాత ప్రింటర్‌ని ఇంటర్నెట్‌కి చూపించకుండా ఆఫీసు నెట్‌వర్క్‌లోనే ఉంచితే చాలావరకు సరిపోతుందని కుర్రాడి వాదన. ఇలాంటి వాదనలతోనే అమ్మకాలు పడిపోయేది.

సరే, డ్రైవర్‌తో పని జరగలేదు, టోనర్ దొరక్కుండా చేద్దామంటే రీఫిల్ చేసేవాళ్లు ఫోన్ చేస్తే బండేసుకుని ఆఫీసుకే వచ్చేస్తున్నారు. ముందు వాళ్ల సంగతి చూడాలి.