రాళ్ల నేల అని పెరటికి సిమెంటు పోయకండి

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి ప్రాంతాల్లో మన తెలుగువాళ్లు సొంత ఇళ్లు కట్టుకుంటున్నారు. సంతోషమే. కానీ గృహప్రవేశానికి వెళ్లిన చోటల్లా పెరడంతా సిమెంటు చేసి ఉంటోంది. అడిగితే ఒకటే జవాబు: "రాళ్ల నేలండీ, ఇందులో ఏమి పండుతుంది?"

పండుతుంది. నమ్మకం లేకపోతే గుణుపురం దాటి కొండల్లోకి వెళ్లి చూడండి. అక్కడి సవర గిరిజనులు ఏటవాలులో రాళ్లు పేర్చి గట్లు కట్టి, మెట్లు మెట్లుగా మడులు చేసి వరి పండిస్తున్నారు. ఆ గట్లలో సిమెంటు లేదు. పొలంలో దొరికిన రాయే గట్టయింది. ఇంత విద్య పక్క ఊళ్లోనే ఉండగా మనం నేలకు మూత వేసుకోవడం నాకు బాధగా ఉంది.

కొందరు ట్రాక్టరుతో మట్టి తోలించుకుంటారు. అది ఇంకా తప్పని నా అభిప్రాయం. మంచి మట్టి అంటే ఎక్కడో ఒక పొలం పైపొర. మన నాలుగు వంగ మొక్కల కోసం ఆ పొలం బీడు కాకూడదు. పైగా కింది నేల తవ్వకుండా పైన పోసిన మట్టిలో వాననీరు కిందికి ఇంకదు, వేళ్లు కుళ్లిపోతాయి.

తవ్వడమే దారి. ఈ కొండల్లో ఎక్కువగా ఉన్నది ఖోండలైటు రాయి. ఇక్కడి ఖోండు గిరిజనుల పేరు మీదే దానికి ఆ పేరు వచ్చింది. కోణార్క గుడికి వాడిందీ, సింహాచలం కొండలో ఉన్నదీ ఇదే. ఎండకూ వానకూ చివికి ఎర్రమట్టిగా మారుతుంది. అందుకే తవ్వేటప్పుడు చెవి పెట్టి వినాలి. గునపం కసుక్కున దిగి రాయి పెళ్లలుగా విరిగితే దాన్ని ఏరనక్కర్లేదు, మట్టిలో కలిసిపోతుంది. ఖంగుమని మోగితే గట్టి రాయి. దాని చుట్టూ మట్టి తీసి, పక్కనే చిన్న రాయిని ఊతంగా పెట్టి గునపంతో ఎత్తండి. ఊతం ఎంత దగ్గరగా ఉంటే రాయి అంత తేలిగ్గా లేస్తుంది.

రోహిణి కార్తె ఎండల్లో ఈ నేలతో కుస్తీ పట్టవద్దు. తొలకరి పడి రెండు రోజులు ఆరాక మొదలుపెట్టండి. పెరడంతా ఒకేసారి వద్దు, ఒక్క మడి చాలు: మూడడుగుల వెడల్పు, అడుగు లోతు. అప్పుడు రెండు వైపుల నుంచీ చేయి అందుతుంది, మడిలో కాలు పెట్టే పని ఉండదు. పిడికిలి కన్నా పెద్ద రాళ్లు తీసి అంచుకు పేర్చండి. చిన్నవి ఉండనివ్వండి, నీరు ఇంకడానికి పనికొస్తాయి. రాళ్లు తీసిన ఖాళీని బాగా మాగిన పశువుల ఎరువుతో నింపండి. అడ్డంగా బండ తగిలితే లోతు మానేసి, ఏరిన రాళ్లతోనే గట్టు అడుగు ఎత్తు లేపి మడి కట్టండి.

మొదటి ఏడాది ఆనప, బీర, గుమ్మడి పెట్టండి. వీటికి మడి కూడా అక్కర్లేదు. అడుగున్నర పాదు తీసి ఎరువు నింపితే తీగ రాళ్ల మీదే పాకుతుంది. బెండ, వంగ, మిరప కూడా సర్దుకుంటాయి. ముల్లంగికి, క్యారెట్‌కు మాత్రం తొందరపడకండి. రాయి తగిలిన దుంప రెండుగా చీలి వంకర పోతుంది. మట్టిని జల్లెడ పట్టిన మడి ఒకటి సిద్ధమయ్యాకే వాటి విత్తనం వేయాలి.

మన తెలుగు సంఘానికి ఒక మనవి. పండుగ ఖర్చులో కొంత తీసి రెండు గునపాలు, పారలు, ఒక పెద్ద జల్లెడ కొని సభ్యులకు వంతులవారీగా ఇవ్వండి. ఇల్లు కట్టేవారితో పునాది నాడే మాట్లాడి, పెరట్లో కనీసం ఒక మూల సిమెంటు లేకుండా వదిలించండి.