రక్షణ పద్దులో మురిగే నిధులు

బడ్జెట్ వచ్చిన ప్రతిసారీ ఒకటే వాదులాట. ఇంత సొమ్ము ఆసుపత్రులకు పెట్టరాదా అని ఒకరు, సరిహద్దు నిలవకపోతే ఆసుపత్రులెక్కడివని ఇంకొకరు. పద్దు విప్పి చూసేవారే తక్కువ.

2025-26 బడ్జెట్‌లో రక్షణ శాఖకు కేటాయించింది రూ.6.81 లక్షల కోట్లు. అందులో నూటికి దాదాపు 46 రూపాయలు జీతభత్యాలు, ఇంధనం, మరమ్మతుల వంటి రెవెన్యూ ఖర్చుకే చెల్లు. 23.60 పింఛన్లకు పోతుంది. కొత్త విమానాలు, నౌకలు, ఫిరంగులు కొనే మూలధన పద్దుకు దక్కేది 26.43. పింఛన్ల మొత్తమే రూ.1.60 లక్షల కోట్లు. కేంద్ర విద్యాశాఖ పద్దు మొత్తం రూ.1.28 లక్షల కోట్లు. బడుల ఖర్చులో సింహభాగం రాష్ట్రాలే భరిస్తాయి గనుక ఈ పోలికను మరీ సాగదీయలేం. అయినా ప్రజారోగ్యం మీద ప్రభుత్వ వ్యయం 2025 నాటికి జీడీపీలో 2.5 శాతానికి చేరాలని 2017 ఆరోగ్య విధానం రాసుకుంది. 2021-22లో అది 1.84 శాతమే.

పింఛను మాజీ సైనికుల హక్కు, దాన్ని తగ్గించమని అడగడం లేదు. 2022లో తెచ్చిన అగ్నిపథ్ (నాలుగేళ్ల కొలువుకు సైనికులను తీసుకునే పథకం) వల్ల మిగులు ఉన్నా అది చాలా ఏళ్లకు గానీ కనబడదు. ఈలోగా సరిచేయదగింది మూలధన పద్దే. 2024-25లో దానికి రూ.1.72 లక్షల కోట్లు కేటాయించి, సవరించిన అంచనాల్లో రూ.1.595 లక్షల కోట్లకు కుదించారు. పన్నెండున్నర వేల కోట్లు అటు సైన్యానికీ దక్కలేదు, ఇటు వైద్యానికీ ముందుగా అందలేదు.

ఇలా ఎందుకవుతుంది? ఆయుధాల ఒప్పందంలో మొదట కొంత బయానా ఇస్తారు, మిగతాది పని మైలురాళ్లను బట్టి చెల్లిస్తారు. పని జాప్యమైతే బిల్లు రాదు, మార్చి 31 దాటితే కేటాయింపు మురిగిపోతుంది. పాత బిల్లులు మరుసటి ఏడు కొత్తవాటితో కలిసి మీద పడతాయి. దేశీయ యుద్ధవిమానం తేజస్ మార్క్-1ఏ సంగతే చూడండి. 83 విమానాలకు 2021 ఫిబ్రవరిలో ఒప్పందం కుదిరింది, 2024 మార్చి నుంచి అప్పగింతలు మొదలవ్వాలి. అమెరికా కంపెనీ నుంచి ఎఫ్-404 ఇంజిన్లలో మొదటిది వచ్చిందే 2025 మార్చిలో. హైదరాబాద్‌లోని వెమ్ టెక్నాలజీస్ 2025 మే నెలాఖరుకు విమాన మధ్యభాగాన్ని తయారుచేసి, తేజస్‌ను నిర్మించే ప్రభుత్వ సంస్థ హెచ్‌ఏఎల్‌కు అప్పగించింది. ఒడలు సిద్ధమైనా ఇంజిన్ లేకపోతే విమానం లెక్కలోకి రాదు. ఆ సెప్టెంబరులో మిగ్-21లను సాగనంపాక వాయుసేనకు మిగిలినవి 29 స్క్వాడ్రన్లు (యుద్ధవిమానాల దళాలు), మంజూరైనవి 42.

ఏడాది దాటినా మురిగిపోని రక్షణ నిధిని 2021-26కు రూ.2.38 లక్షల కోట్లతో పెట్టమని 15వ ఆర్థిక సంఘం సూచించింది. కేంద్రం సూత్రప్రాయంగా ఒప్పుకుని అక్కడే ఆగిపోయింది. ఆ నిధిని పెట్టాలి. రక్షణ భూములు అమ్మినా, అద్దెకిచ్చినా వచ్చే రాబడి అందులోకే చేరాలి. ఆ నిధి కోసం రాష్ట్రాల పన్ను వాటా జోలికి పోరాదు. ఏ ఒప్పందం ఎన్ని నెలలు వెనకబడింది, ఎంత చెల్లింపు నిలిచిందన్న పట్టికను ఆరు నెలలకోసారి పార్లమెంటు స్థాయీ సంఘం ముందుంచాలి. డిసెంబరులోనే ఖర్చు కాదని తేలిన సొమ్మును ఆ ఏడాది అనుబంధ పద్దుల్లోనే ఆరోగ్య కేంద్రాలకు మళ్లించడానికి అప్పుడు వీలుంటుంది.